తాళంచెవి తలుపుకే వేలాడుతోంది

యాపిల్ మ్యాక్‌లో స్క్రీన్ టైమ్ అనే ఏర్పాటు ఒకటుంది. 2019లో కెటలినా అనే మ్యాక్ సాఫ్ట్‌వేర్‌తో పాటు వచ్చింది. యూట్యూబ్‌కి రోజుకి అరగంట అని ఎవరికి వారు హద్దు గీసుకోవచ్చు. అరగంట నిండగానే పేజీ మీద తెర దించి, ఇసుక గడియారం బొమ్మ పెట్టి, నేటి కోటా అయిపోయిందని ప్రకటిస్తుంది. చూడ్డానికి కోర్టు వారి జప్తు నోటీసంత గంభీరంగా ఉంటుంది. ఆ నోటీసులోనే ‘ఇగ్నోర్ లిమిట్’ అని ఒక బటన్. నొక్కితే మూడు వరాలు: ఇంకొక్క నిమిషం, పావుగంటాగి గుర్తుచెయ్, ఈ రోజుకి వదిలెయ్.

మూడో వరం దగ్గర కాసేపు ఆగుదాం. ‘ఈ రోజుకి వదిలెయ్’. రేపటికి కాదు సుమా, ఈ రోజుకే. రేపు మళ్లీ అరగంట తర్వాత అదే నోటీసు, అదే బటన్. అలీగఢ్‌లో తరతరాలుగా తాళంకప్పలు చేసి బతుకుతున్న వాళ్లకి ఈ నమూనా చూపిస్తే ఏమంటారో గానీ, దొంగ చేతికి తాళాలివ్వడం అనే సామెతకి ఇంత ఖరీదైన ఉదాహరణ మరొకటి దొరకదు. పోనీ ఇచ్చేముందు ‘ఇప్పుడు నీకు యూట్యూబ్‌తో ఏం పని?’ అని ఒక్క ముక్క అడుగుతుందా? అడగదు. మర్యాదస్తుల సంస్థ.

పాస్‌కోడ్ పెట్టుకోవచ్చు కదా అంటారు. పెట్టుకోవచ్చు. సెట్టింగ్స్‌లో స్క్రీన్ టైమ్‌కి తాళం వేసి, ‘బ్లాక్ ఎట్ ఎండ్ ఆఫ్ లిమిట్’ అన్నచోట టిక్ పెడితే వదిలెయ్యమనే వరం పోయి నాలుగంకెలు అడుగుతుంది. ఆ నాలుగంకెలు పెట్టిందెవరు? అడిగించుకుంటున్నదెవరు? పైగా అప్పుడు కూడా ‘ఇంకొక్క నిమిషం’ మాత్రం దయతో ఉంచుతారు. సీతమ్మ తల్లి గీత దాటడానికి రావణుడంతటివాడు సన్యాసి వేషం కట్టాల్సి వచ్చింది. మనకి ఆ ఖర్చు కూడా లేదు.

యాపిల్ ఒక్కదాన్నే అనడం న్యాయం కాదు. బ్రౌజర్‌లో పెట్టుకునే ఎక్స్‌టెన్షన్లు చూడండి. సైట్లకి అడ్డుపడే లీచ్‌బ్లాక్, స్టేఫోకస్డ్ మంచివే, ఉచితమే. కానీ ఇన్‌కాగ్నిటో కిటికీ తెరిస్తే, మనం విడిగా అనుమతి ఇచ్చి ఉంటే తప్ప, క్రోమ్‌లో ఏ ఎక్స్‌టెన్షనూ పనిచెయ్యదు. అనుమతి ఇవ్వాలని గుర్తుండదు, ఇవ్వలేదన్న సంగతి మాత్రం మొదటి రోజు మధ్యాహ్నానికే తెలిసిపోతుంది. ఒకవేళ ఇచ్చినా, విండోస్‌లో ఎడ్జ్ బ్రౌజర్ పుట్టుకతోనే ఉంటుంది. పాపం, దాన్ని ఏళ్ల తరబడి క్రోమ్ దించుకోవడానికి తప్ప ఎవరూ తెరవలేదు. క్రోమ్‌కి తాళం పడ్డ రోజున దానికి మహర్దశ పడుతుంది.

ఇక అసలు ఘట్టం హోస్ట్స్ ఫైలు, అంటే ఏ సైటు ఏ చిరునామాలో ఉందో చూసుకోవడానికి కంప్యూటర్ తన దగ్గరే ఉంచుకునే చిన్న చిట్టా. దీన్ని కొంచెం తీరిగ్గా చెప్పుకోవాలి.

పెద్దలు మూడు వైరాగ్యాలు చెప్పారు: పురాణ వైరాగ్యం, ప్రసూతి వైరాగ్యం, శ్మశాన వైరాగ్యం. కంప్యూటర్లు వచ్చాక నాలుగోది చేరింది, ఆదివారం రాత్రి వైరాగ్యం. ఆ వైరాగ్యం కమ్మిన మహానుభావుడొకడు సోమవారం ఉదయం తొమ్మిదింటికి, ఇక ఎక్స్‌టెన్షన్ల లాంటి పిల్లచేష్టలు వద్దని, ఏకంగా కంప్యూటర్ మూలంలోనే యూట్యూబ్‌ని పాతిపెట్టాలని కూర్చుంటాడు. ఎలాగో తెలియదు. ఎలాగో చెప్పే వీడియోలు ఎక్కడుంటాయి? యూట్యూబ్‌లో. యూట్యూబ్‌ని మూసెయ్యడం ఎలా అనే అంశం మీద యూట్యూబ్‌లో నాలుగు వీడియోలు చూస్తాడు. ఐదోది ఎవరో పాత బుల్లెట్ బండి ఇంజను విప్పి బిగించే వీడియో. అది ఇందులోకి ఎలా వచ్చిందని అడక్కండి. చూశాడు.

పదిన్నరకి పని మొదలైంది. సి డ్రైవు, విండోస్, సిస్టమ్32, డ్రైవర్స్, ఈటీసీ. నోట్‌ప్యాడ్ నుంచి ఆ ఫోల్డరు తెరిస్తే ఖాళీ! గుండె జారుతుంది. ఫైలు ఎక్కడికీ పోలేదు. నోట్‌ప్యాడ్ మామూలుగా టీఎక్స్‌టీ తోక ఉన్న ఫైళ్లనే చూపిస్తుంది, ఈ హోస్ట్స్ ఫైలుకి తోక లేదు. కింద ‘ఆల్ ఫైల్స్’ అని మార్చాలి. ఆ సంగతి తెలుసుకోవడానికి మళ్లీ ఒక వీడియో.

ఫైలు తెరిచాడు. చివరి వరసలో 127.0.0.1 అని వేసి, ఒక ఖాళీ వదిలి యూట్యూబ్ చిరునామా రాశాడు. అంటే ఎవరైనా యూట్యూబ్ ఎక్కడని అడిగితే ‘ఇక్కడే, ఈ ఇంట్లోనే’ అని చెప్పి తిప్పి పంపడం. 0.0.0.0 అని వేసినా పని జరుగుతుంది. సేవ్ నొక్కితే అనుమతి లేదంది, కావాలంటే డాక్యుమెంట్స్‌లో దాచనా అంది. సరే అన్నాడు. ఆ సరే దగ్గరే కథ అడ్డం తిరిగింది. అసలు ఫైలు ఉన్నచోట ఉన్నట్టే ఉంది, దీని నకలు ఒకటి టీఎక్స్‌టీ తోక తగిలించుకుని డాక్యుమెంట్స్‌లో నిద్రపోతోంది. నోట్‌ప్యాడ్ మీద కుడి క్లిక్ చేసి ‘రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్’తో తెరిచి ఉంటే ఈ గొడవ లేదు. తెలిసేసరికి పదకొండు ముప్పావు.

మళ్లీ చేశాడు. ఇంకా యూట్యూబ్ వస్తోంది. ఎందుకంటే రాసింది ఉత్త పేరు. ముందు మూడు డబ్ల్యూలున్న పేరు వేరే మనిషి, ముందు ఎం ఉన్నది మరో మనిషి. హోస్ట్స్ ఫైలుకి బంధుత్వాలు తెలియవు, నక్షత్రం గుర్తు పెట్టి ‘వీళ్ల కుటుంబమంతా’ అంటే ఒప్పుకోదు. ఒక్కొక్కరికీ విడిగా ఒక వరస రాయాలి. రాశాడు. అయినా వస్తోంది! ముందే తెరిచి ఉన్న ట్యాబు పాత కనెక్షన్ పట్టుకుని వేలాడుతోంది. బ్రౌజర్ పూర్తిగా మూసి, కమాండ్ ప్రాంప్ట్‌లో ఐపీకాన్ఫిగ్, ఖాళీ, స్లాష్, ఫ్లష్‌డీఎన్ఎస్ కొట్టి, మళ్లీ తెరవాలి. బ్రౌజర్‌లో ఉచిత ప్రాక్సీ ఎక్స్‌టెన్షన్ ఏదైనా పెట్టుకుని ఉంటే ఇదంతా దండగ, అప్పుడు చిరునామా వెతికే పని ఎక్కడో దూరపు సర్వరు చేస్తుంది, ఇంట్లో రాసుకున్న కాగితం అది చూడదు.

మొత్తానికి ఒంటిగంటకి యూట్యూబ్ మూతపడింది. విజయం. విజయోత్సవంగా భోంచేసి వచ్చి, రెండింటికి నోట్‌ప్యాడ్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి (ఇప్పుడు బాగా వచ్చు), ఆ మూడు వరసల ముందు తలా ఒక హాష్ గుర్తు పెట్టి సేవ్ చేశాడు. ఆ గుర్తున్న వరసని కంప్యూటర్ పట్టించుకోదు. కట్టడానికి నాలుగు గంటలు, కూల్చడానికి మూడు అక్షరాలు. సోమవారం సాయంత్రానికి మన మహానుభావుడి దగ్గర చెయ్యాల్సిన పని అలాగే ఉంది, హోస్ట్స్ ఫైలు మీద పాండిత్యం మాత్రం అపారం.

నవ్వుకున్నాం, బాగుంది. కానీ ఈ మహానుభావుడికి సంకల్పబలం లేదని ఉపన్యాసాలిచ్చే వాళ్లుంటారు చూడండి, వాళ్ల దగ్గరికొచ్చేసరికి నవ్వు రాదు. 2006లో ఏజా రాస్కిన్ అనే డిజైనర్ అడుగు లేని పేజీ తయారుచేశాడు, ఎంత కిందికి లాగినా ఇంకా వస్తూనే ఉండేది. తర్వాత అతనే దానికి బహిరంగంగా విచారపడ్డాడు. 2017లో నెట్‌ఫ్లిక్స్ అధిపతి రీడ్ హేస్టింగ్స్ తమ పోటీ నిద్రతో అని సిగ్గుపడకుండా చెప్పాడు. నిద్రతో పోటీకి దిగిన వాళ్ల ఎదురుగా ఒంటరిగా కూర్చున్న కుర్రాణ్ణి పట్టుకుని ‘నీకు పట్టుదల లేదు’ అంటారా?

చిక్కడపల్లి లైబ్రరీ దగ్గరా, అశోక్‌నగర్ సందుల్లోనూ గ్రూప్స్‌కి చదివే పిల్లల్ని చూడండి. పాలిటీ క్లాసు యూట్యూబ్‌లో. నోట్సు పీడీఎఫ్ టెలిగ్రామ్‌లో. హాస్టలు వార్డెను కబురు వాట్సాప్‌లో. వాడు దేన్ని మూసెయ్యాలి? చదువు కోసం వెళ్లక తప్పని గదిలోనే పేకాట బల్ల వేసి, క్లాసు పక్కనే కుడివైపు వరసలో ఇరవై బొమ్మలు తళతళలాడించి, క్లాసు అయ్యీ అవకముందే తర్వాతి వీడియో దానంతటదే మొదలయ్యేలా పెట్టి, ఆ తర్వాత డిజిటల్ వెల్‌బీయింగ్ అని పేరు పెట్టి ‘కాస్త విరామం తీసుకోండి’ అని గుర్తు చేస్తారు. ఇది ఎగతాళి. సారా కొట్టు గోడ మీద ఆరోగ్య సూక్తి. అమ్మానాన్నలు పొలం మీద అప్పు తెచ్చి పంపిన నెలల్లోంచి మీరు నిమిషాలు ఏరుకు తింటున్నారు, తిన్న తర్వాత మూతి తుడుచుకోడానికి వాడి చేతికే ఒక బటన్ ఇస్తున్నారు. సిగ్గుండాలి.

సరే. కోపం వల్ల యాప్‌లు మూతపడవు.

క్లాసు కోసం యూట్యూబ్ తప్పనివాళ్లకి ముందు ఒక మాట. 2023 ఆగస్టు నుంచి వాచ్ హిస్టరీ ఆపేసి, పాతది తుడిచేసుకుంటే హోమ్ పేజీ ఖాళీగా వస్తోంది. వెతికే పెట్టె, పక్కన మెనూ తప్ప వీడియోల వరసలేమీ ఉండవు. క్లాసు పేజీలో కుడివైపు వరస మాత్రం పోదు, దానికి అన్‌హుక్ అనే ఎక్స్‌టెన్షన్ పెట్టాలి. ఆటోప్లే మీట కూడా ఆపాలి.

టెలిగ్రామ్ దగ్గర హోస్ట్స్ పాండిత్యం అక్కరకు రాదు. డెస్క్‌టాప్ టెలిగ్రామ్ పేరు అడిగి దారి వెతుక్కునే రకం కాదు, సర్వర్ల అంకెల చిరునామాలు దాని జేబులోనే ఉంటాయి. యాప్‌ని యాప్‌గానే ఆపే సరుకు కావాలి. కోల్డ్ టర్కీ అని ఒకటుంది. ఇంగ్లిష్ నుడికారంలో ఉన్నపళంగా మానెయ్యడమని అర్థం, చల్లారిన కోడి కాదు. సైట్లు ఆపడం ఉచితం, యాప్‌లు ఆపాలంటే డబ్బు కట్టాలి. దాని గొప్పతనమల్లా తాళం వేశాక గడువు తీరేదాకా బతిమాలినా తియ్యకపోవడం. మ్యాక్‌లో సైట్లని ఆపే సెల్ఫ్‌కంట్రోల్ ఉచితం. మొదలయ్యాక కంప్యూటర్ ఆపి వేసినా, ఆ యాప్‌నే చెరిపేసినా గడువు గడువే. అందుకే మొదటి రోజే ఇరవై నాలుగు గంటలు పెట్టి శూరత్వం చూపించొద్దు. నలభై ఐదు నిమిషాలు చాలు. ఆపీసు మెయిలూ, బ్యాంకూ ఆ జాబితాలో పడ్డాయేమో ముందే చూసుకోండి, పడితే బయటికి తీసే దారి ఉండదు. లీచ్‌బ్లాక్‌తోనే సరిపెట్టుకునేవాళ్లు ఇన్‌కాగ్నిటో అనుమతి ఇచ్చి, సెట్టింగ్స్ తెరవడానికి పొడవాటి పిచ్చి అక్షరాల కోడ్ అడిగేలా పెట్టుకోండి. అంతా చేత్తో కొట్టేలోపు సగం మోజు తీరిపోతుంది.

పైసా ఖర్చు లేని దారి ఇంకొకటి. విండోస్‌లో కొత్త అడ్మినిస్ట్రేటర్ ఖాతా తెరిచి, హోస్ట్స్ ఫైలు పని ముగించుకుని, రోజూ వాడే ఖాతాని ‘స్టాండర్డ్’కి దించెయ్యాలి. ఈ వరస తప్పితే మళ్లీ మొదటికొస్తుంది. ఇక ఆ ఫైలు ముట్టుకోవాలంటే అడ్మిన్ పాస్‌వర్డ్ కావాలి, ప్రింటర్ డ్రైవరు ఎక్కించాలన్నా కావాలి, ఆ తిప్పలు భరించాలి. పాస్‌వర్డ్ మాత్రం ఇంకొకరి చేత కొట్టించాలి, మీరు చూడకుండా.

ఎవరి చేత అన్నదే ప్రశ్న. అమ్మ చేత వద్దు. ‘అమ్మా’ అనేలోపే ఇచ్చేస్తుంది, అన్నం తిన్నావా అని కూడా అడుగుతుంది. తమ్ముడైతే బేరం పెడతాడు, నెల తిరిగేసరికి రేటు కట్టి అమ్ముతుంటాడు. రూమ్మేటు సంగతి సరేసరి, మీకంటే ముందు వాడికే రీల్స్ కావాలి. నాన్న చేత కొట్టించండి. కాగితం మీద రాసి చొక్కా జేబులో పెట్టుకుంటారు, ఎప్పుడు అడిగినా ఇస్తారు, కాదనరు.

“నాన్నా, ఆ కంప్యూటర్ పాస్‌వర్డ్ ఒకసారి చెప్తారా?”

“చెప్తాను. ఏం పని పడింది?”

“ఏం లేదులెండి.”