రెక్సిన్ సంచి ఎక్కడుంది?

ఉగాది వేడుకకు రెండు వారాల ముందు, ఇక్కడ అమెరికాలో మన తెలుగు సంఘం వాట్సాప్ గ్రూపులో విరాళాల లింకు వచ్చింది. నలభై నిండని ఒక తండ్రి గుండెపోటుతో పోయాడు. రెండు రోజుల్లో డబ్బు పోగైంది, భౌతికకాయం సొంతూరు చేరింది. అలాంటి సమయంలో మనవాళ్లు ఎంత త్వరగా కదులుతారో అందరికీ తెలుసు. కానీ అదే గ్రూపులో ఎవరో "అంత జీతాలు వచ్చేవాళ్లు ఏమీ దాచుకోలేదా?" అని రాశారు. ఆ మాట ఆ ఇంటిదాకా వెళ్లింది. నిజానికి వాళ్లు దాచుకున్నారు. ఎక్కడ దాచారో తెలిసిన మనిషే లేకుండా పోయాడు.

మన నాన్నల తరంలో బీరువా పై అరలో ఒక రెక్సిన్ సంచి ఉండేది. ఎల్ఐసీ బాండ్లు, దస్తావేజులు, పట్టాదారు పాసుపుస్తకం, ఇంటిపన్ను రసీదులు, అన్నీ అందులోనే. అది ఎక్కడుందో అమ్మకు తెలుసు. ఇక్కడ ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇంట్లో ఇరవై లాగిన్లు ఒకరి ఫోన్లోనే ఉంటాయి. అడిగితే "శుభమా అని ఆ మాటలెందుకు, తథాస్తు దేవతలుంటారు" అంటాం. బాండు మీద నామినీ పేరు రాయించిన నాన్నలకూ ఆ దేవతలున్నారు కదా!

ముందు చూడాల్సింది బెనిఫిషియరీ, అంటే మన తర్వాత సొమ్ము అందుకునేవాళ్ల పేరు. పెళ్లికాక ముందు, ఉద్యోగంలో చేరిన రోజు అమ్మ పేరు రాసి మరిచిపోయినవాళ్లు మనలో చాలామంది. ఆఫీసు లైఫ్ ఇన్సూరెన్స్ సొమ్ము ఆ ఫారంలో ఉన్నవాళ్లకే వెళ్తుంది, వీలునామాలో వేరేగా రాసినా సరే. మైనర్ పిల్లల పేరు నేరుగా రాస్తే సొమ్ము వాళ్ల చేతికి ఇవ్వరు, కోర్టు చుట్టూ తిరగాలి. ఏటా ఆఫీసు బీమాలు ఎంచుకునే ఓపెన్ ఎన్రోల్మెంట్ రోజుల్లో ఆ పేజీ తెరిచి చూడండి. లేఆఫ్ అయితే ఆ పాలసీ కూడా పోతుంది. సొంత పాలసీగా మార్చుకునే వీలుంటే గడువు సాధారణంగా 31 రోజులే.

తర్వాత ఫోను. బిల్లు దండగని పోయిన మనిషి నంబరు మొదటి వారంలోనే రద్దు చేయిస్తారు, ఆ తర్వాత ఒక్క ఓటీపీ కూడా అందదు. ఆ నంబరును కొన్ని నెలలు ఉంచాలి. మన తర్వాత మన ఖాతాలోవి ఎవరు చూడవచ్చో ముందే చెప్పే ఏర్పాట్లున్నాయి: ఐఫోన్లో లెగసీ కాంటాక్ట్, గూగుల్లో ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్. పెట్టుకోవడం పది నిమిషాల పని. ఇండియా సిమ్ 90 రోజులు వాడకపోతే కంపెనీ దాన్ని మూసేయవచ్చు, అక్కడి బ్యాంకు ఓటీపీలు వచ్చేది దానికే.

"ఊళ్లో తమ్ముడికి పవరాఫ్ అటార్నీ ఇచ్చాం, వాడు చూసుకుంటాడు" అనే ధీమా చాలామందిది. ఇచ్చిన మనిషి పోతే ఆ కాగితమూ చెల్లదు. బతికుండగా పనికిరావాలన్నా, ఇక్కడ నోటరీ, అపోస్టిల్ (వేరే దేశంలో చెల్లేందుకు వేయించే ప్రభుత్వ ముద్ర) చేయించి పంపాక ఇండియా చేరిన మూడు నెలల్లోపు అక్కడ స్టాంపు డ్యూటీ కట్టించాలి. ఇండియాలో బ్యాంకు నామినీ అంటే సొమ్ము అందుకునే మనిషే గానీ హక్కుదారు కాదు. అందుకే వీలునామా కావాలి.

అన్నిటికన్నా గుండె పిండేది పిల్లల సంగతి. తల్లిదండ్రులిద్దరికీ ఒకేసారి ఏదైనా అయితే, గార్డియన్ ఎవరో కోర్టు తేలుస్తుంది. అమ్మమ్మా తాతయ్యా వీసా తీసుకుని వచ్చేదాకా ఆ పిల్లలు ఎవరింట్లో ఉండాలి? దగ్గర్లో ఉన్న స్నేహితుల పేరు తాత్కాలికంగా, శాశ్వతంగా పెంచేవాళ్ల పేరు విడిగా రాసిపెట్టాలి, వాళ్లను అడిగి మరీ. మరో సంగతి చాలామందికి తెలియదు: తల్లి గానీ తండ్రి గానీ పోయే ముందు మూడేళ్లలో ఏడాదిన్నర పనిచేసి, జీతంలోంచి సోషల్ సెక్యూరిటీ పన్ను కట్టినా, మైనర్ పిల్లలకు ప్రభుత్వం నుంచి నెలనెలా సర్వైవర్ బెనిఫిట్ రావచ్చు. దరఖాస్తు పెట్టకపోతే రాదు.

కార్యవర్గానికి ఒక విన్నపం. దీపావళి హాల్లో నగల స్టాళ్లు, ప్లాట్ల స్టాళ్లు ఉంటాయి. వాటితోనే హాలు అద్దె గడుస్తుంది, కాదనడం లేదు. ఈసారి ఒక్క బల్ల మాత్రం దీనికి ఇవ్వండి. ఒక నోటరీని కూర్చోబెట్టండి. చాలా రాష్ట్రాల్లో వీలునామాకు ఇద్దరు సాక్షులు కావాలి, ఆస్తి అందుకునేవాళ్లు సాక్షులుగా ఉండకపోవడమే మంచిది. బంధువులు లేని ఊళ్లో అలాంటి ఇద్దరు దొరకరనే వాయిదా వేసే ఇళ్లున్నాయి. లాయరు దగ్గర రాయించిన కాగితం తెచ్చుకుంటే, వడ్డించే వాలంటీర్లలో ఇద్దరు చేయి కడుక్కుని వచ్చి సంతకం పెడతారు.