ఏడోసారీ అదే పిల్లి కథ

మా మనవరాలికి మూడేళ్లు. మంచం కింద నక్కిన పిల్లిపిల్ల కథ ఒకటుంది దాని దగ్గర. పళ్లొచ్చే రోజుల్లో నమిలిందేమో, అట్ట మూలలన్నీ మెత్తబడిపోయాయి. మొన్న రాత్రి ఆరుసార్లు చదివాక నిద్రమత్తులో ఓ పేజీ దాటేశాను. చిన్న అరచెయ్యి ఠపీమని పుస్తకం మీద పడింది. "తోక పేజీ ఏదీ?" అంది. అక్షరం ముక్క రాని మనిషి నా దొంగతనం పట్టేసింది. వెనక్కి తిప్పి చదివాను. మంచం కింద నుంచి తోక బయటికి కనిపించగానే, మొదటిసారి చూసినట్టే కిలకిలా నవ్వింది.

పెద్దవాళ్లకు ఓపిక నశించేది సరిగ్గా ఇక్కడే. రోజూ ఇదేనా, కొత్త పుస్తకం తీద్దాం అనిపిస్తుంది. పిల్లల లెక్క వేరు. 2011లో ఇంగ్లండ్‌లోని ససెక్స్ విశ్వవిద్యాలయం పరిశోధకులు మూడేళ్ల పిల్లల్లో కొందరికి అవే కథలు మళ్లీ మళ్లీ, కొందరికి ప్రతిసారీ కొత్త కథలు చదివి వినిపించారు. కొత్త మాటలు చెవిన పడింది ఇద్దరికీ సమానంగానే. ఎక్కువ నేర్చుకుంది మాత్రం పాత కథలే విన్నవాళ్లు. కథ ఎటు పోతుందో తెలిశాక కదా, మాట మీద ధ్యాస నిలిచేది!

పసితనం నుంచే చదివి వినిపించమని అమెరికాలోని పిల్లల వైద్యుల సంఘం 2014లో చెప్పింది. మంచి సలహానే. నా పేచీ తర్వాత వచ్చిన లెక్కలతో. రోజుకు ఐదు పుస్తకాలు విన్న బిడ్డ, అసలు విననివాడికంటే బడిలో చేరేనాటికి సుమారు 14 లక్షల మాటలు ఎక్కువ వింటుందని 2019లో ఒక అంచనా వచ్చింది. అది అంచనాగా ఉన్నంతవరకు ఫర్వాలేదు. ఇంట్లోకొచ్చేసరికి పూటకు రెండు చెంచాల టానిక్‌లా, రోజుకు ఐదు పుస్తకాల మోతాదైపోతుంది. గబగబా చదివి, పేజీ తిప్పి, అయిందనిపించడం. మధ్యలో పిల్ల ఏదో అడిగితే "ఉండు, ముందు విను" అని కసరడం.

ఆ అడ్డుపడటంలోనే అసలు సంగతంతా ఉంది. 1988లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త వైట్‌హర్స్ట్ బృందం రెండేళ్లు అటూ ఇటూ ఉన్న పిల్లల మీద నెల రోజులు ఒక ప్రయోగం చేసింది. రెండు జట్ల తల్లిదండ్రులూ చదివింది దాదాపు సమానమే. మధ్యలో ఆగి, అడిగి, పిల్లలచేత చెప్పించినవాళ్ల పిల్లలు మాట్లాడటంలో కొన్ని నెలల వయసంత ముందుకెళ్లారు. అలాగని అడగడాన్ని పరీక్ష చేయకూడదు. "ఇదేం రంగు? కాళ్లెన్ని?" అని ఓసారి నేనూ మొదలెట్టాను. పిల్ల పుస్తకం మూసేసింది. "ఎందుకు దాక్కుందే?" అని అడిగితే మాత్రం "వాళ్లమ్మ స్నానానికి పిలిచింది" అంది. పుస్తకంలో ఎక్కడా అమ్మా లేదు, స్నానమూ లేదు.

మనం రోజంతా పిల్లలతో మాట్లాడే మాటలేమిటి? రా, తిను, చెప్పులేసుకో, అది ముట్టుకోకు. బొమ్మల పుస్తకాల్లో అంతకంటే ఎక్కువ రకాల మాటలుంటాయని 100 పుస్తకాలను ఇళ్లలోని సంభాషణలతో పోల్చి 2015లో తేల్చారు. దానికి పరిశోధన అక్కర్లేదు నాకు. నిన్న బల్ల కింద నుంచి ఓ గొంతు వినిపించింది: "తాతా, నేను నక్కి కూచున్నా."

నాకు గొంతులు మార్చి చదవడం రాదే అని బెంగపడేవాళ్లున్నారు. పిల్లలకు కావలసింది నటన కాదు, తెలిసిన గొంతు. కడుపుతో ఉన్నప్పుడు చివరి వారాల్లో తల్లి పైకి చదివిన కథను పుట్టిన కొద్ది రోజుల్లోనే శిశువులు గుర్తుపట్టారని 1986 నాటి ప్రయోగం చెప్పింది. ఫోన్‌లో కథ చెప్పే గొంతు నాకంటే బాగుంటుంది, ఒప్పుకుంటాను. అరచెయ్యి పడితే అది ఆగదు, అంతే.

చదవడం వచ్చిన రోజు నుంచి "నువ్వే చదువుకో" అని పుస్తకం చేతిలో పెట్టేయడం మాత్రం నాకు నచ్చదు. పిల్లలకు తాము చదివి అర్థం చేసుకోగలిగినదానికంటే, విని అర్థం చేసుకోగలిగింది చాలా ఏళ్లపాటు ఎక్కువే ఉంటుంది. మా మనవరాలి అన్నకు తొమ్మిదేళ్లు. పక్కనే బోర్లా పడుకుని ఏదో లావుపాటి పుస్తకం చదువుకుంటున్నాడు, పిల్లి కథ చిన్నపిల్లలదట. మొన్న రాత్రి ఏడుసార్లు అది చదివినంతసేపూ వాడి పుస్తకంలో ఒక్క పేజీ తిరగలేదు.