గుండు కొట్టించుకున్న బండి

తిరుపతిలో కొత్త బండి కొన్నవాడు మొదట చేసేది పూజ. చక్రాల కింద నిమ్మకాయలు, హ్యాండిల్‌కి పూలదండ, ట్యాంకు మీద కుంకుమ బొట్టు. ఆ బొట్టు ఆరకముందే రెండో పని మొదలవుతుంది. అదే బండికి గుండు కొట్టించడం. ముందుగా అద్దాలు పోతాయి. తర్వాత వెనక చక్రం పక్కనుండే శారీ గార్డు పోతుంది, అది ఉంటే పెళ్లయినవాడి బండిలా కనిపిస్తుందట. ఇండికేటర్లు మొదట చిన్నవవుతాయి, ఆపైన కనపడవు. కంపెనీ సైలెన్సర్ స్థానంలో, లీలామహల్ దగ్గర స్టార్ట్ చేస్తే కపిలతీర్థంలో కోతులు ఉలిక్కిపడేంత గొట్టం వచ్చి కూర్చుంటుంది. నంబర్ ప్లేటు నడుం వంచి ఆకాశంలోకి చూస్తుంది. తలనీలాల విషయంలో మనకున్న అనుభవం ఇంకే ఊరికీ లేదు కాబట్టి ఈ మొక్కును ఎవరూ తప్పు పట్టరు.

ఇలాంటి ఊళ్లో మా వీధి కుర్రాడొకడు పుట్టుగుండు బండిని కొన్నాడు. డర్ట్ బైక్. మట్టి ట్రాకు మీద పోటీలకు చేసిన కావసాకి, పాత మోడల్, సెకండ్‌హ్యాండ్‌లో కోయంబత్తూరు నుంచి ట్రాలీలో దిగింది. దానికి అద్దాల్లేవు, ఇండికేటర్లు లేవు, హారన్ లేదు, స్పీడోమీటర్ లేదు. హెడ్‌లైటు ఉండాల్సిన చోట పోటీ నంబరు అంటించుకునే ప్లాస్టిక్ పలక ఉంది. సైడ్ స్టాండు కూడా లేదు, గోడకు ఆనించి పెట్టాలి. సీటు ఒక్కడికే, అదీ మనిషి నడుమంత ఎత్తున. ఊరి బండ్లన్నీ నానా కష్టాలుపడి చేరుకునే స్థితికి ఈ బండి ఫ్యాక్టరీలోనే చేరుకుంది. వీధి పిల్లలు నోరెళ్లబెట్టి చూశారు. కుర్రాడి నాన్న మాత్రం, "మీ అమ్మను తిరుచానూరు గుడికి యాడ కూసోబెట్టుకుని తీసకపోతావు రా?" అని ఒక్క ప్రశ్న అడిగి లోపలికెళ్లిపోయాడు.

బండి కొనడం వరకు బాగానే ఉంది, వయసు అలాంటిది. నన్ను కలవరపెట్టింది వాడి తర్వాతి కోరిక. దానికి లైటు పెట్టిస్తాడట, అద్దాలు, హారన్, ఇండికేటర్లు బిగిస్తాడట, నంబరు తెచ్చుకుని, ఇన్సూరెన్సు కట్టి, హెల్మెట్ పెట్టుకుని రేణిగుంట రోడ్డు మీద నడుపుతాడట. అంటే ఊరంతా పీకి పారేసినవన్నీ వీడు ఏరుకొచ్చి తగిలిస్తాడు. గుండుకు విగ్గు పెడతాడు. చట్టం మీద ఇంత గౌరవమున్న మనిషి మన ట్రాఫిక్‌లో క్షేమంగా తిరగగలడా అని నాకు నిజంగానే టెన్షన్ పట్టుకుంది.

మెకానిక్ షెడ్డుకు నేనూ వెళ్లాను. మెకానిక్ బండి చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, సీటు విప్పి, లోపలికి తొంగి చూసి లేచాడు.

"సామీ, దీనికి బ్యాటరీ యాడుండాది?"

"బ్యాటరీ లేదన్నా. కిక్కు కొడితే స్టార్టవుతుంది."

"మరి హారన్‌కి కరెంటు ఎవురిస్తారు, నువ్వా?"

అక్కడి నుంచి అరగంట పాఠం జరిగింది. ఇలాంటి బండిలో కాయిల్ తయారుచేసే కరెంటు ప్లగ్గులో నిప్పు పుట్టించడానికే సరిపోతుంది. లైటు వెలగాలంటే ఆ కాయిల్‌ని విప్పి ఇంకా ఎక్కువ తీగ చుట్టాలి, రెగ్యులేటర్ పెట్టాలి, బ్యాటరీకి చోటు వెతకాలి. బ్రేకు నొక్కితే వెనక ఎర్రలైటు వెలగాలి కదా, ఆ స్విచ్చే లేదు. 2017 ఏప్రిల్ నుంచి కొత్త బండ్లకు ఇంజిన్ ఆన్‌లో ఉన్నంతసేపూ హెడ్‌లైటు వెలుగుతూనే ఉండాలన్న నియమం వచ్చింది. ఈ బండికి చీకట్లో కూడా లైటు వెలిగే దారి లేదు. గుబ్బల టైర్లు మట్టిని పట్టుకోవడానికి చేసినవి, తారు రోడ్డు మీద, ముఖ్యంగా వానలో, పట్టు దొరకదు. రేడియేటర్‌కు ఫ్యాన్ లేదు. గాలి తగులుతూ పరిగెడుతుంటేనే ఇంజిన్ చల్లబడుతుంది, టౌన్ క్లబ్ దగ్గర సిగ్నల్ పడితే నీళ్లు కుతకుతలాడతాయి. ఇక సర్వీసింగ్ లెక్క కిలోమీటర్లలో ఉండదు, ఇంజిన్ నడిచిన గంటల్లో ఉంటుంది. బ్రహ్మోత్సవాల రోజుల్లో ఈ బండి మీద అలిపిరి వైపు వెళ్తే పోయేటప్పటికే ఆయిల్ మార్చే టైమవుతుంది.

"ఇదంతా నేను చేసి పెడతా సామీ," అన్నాడు మెకానిక్ చివర్లో. "అద్దాలైతే ఊరికే ఇస్తా. ఒక గోతం నిండా పడుండాయి." నిజమే, షెడ్డు మూలన గోతంలో ఊళ్లోవాళ్లు పీకించుకున్న అద్దాలు, శారీ గార్డులు, ఒరిజినల్ సైలెన్సర్లు దుమ్ము కొట్టుకుని ఉన్నాయి. ఒక చట్టబద్ధమైన బండికి కావలసిన సామగ్రి అంతా అక్కడే ఉంది, బండ్లు మాత్రం అది లేకుండా రోడ్డు మీద ఉన్నాయి.

అయితే వైరింగ్ అయిపోయినా పని కాదని బ్రోకర్ దగ్గర తెలిసింది. రిజిస్ట్రేషన్‌కు ఫారం 20 మనం నింపుతాం, ఫారం 21 అమ్మినవాడిస్తాడు. ఫారం 22 అని ఇంకోటుంది. ఈ బండి రోడ్డు మీద తిరగడానికి తగినదని తయారుచేసిన కంపెనీ ఇచ్చే పత్రం అది. ఇది రోడ్డు బండి కాదు మహాప్రభో అని కంపెనీయే చెబుతుంటే ఆ కాయితం ఎవరిస్తారు? కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 126వ నియమం ప్రకారం రోడ్డెక్కే ప్రతి మోడల్‌నూ గుర్తింపు పొందిన సంస్థలో పరీక్షించాలి. పుణెలో ఒకటుంది, మనకు దగ్గరగా చెన్నై పక్కన ఒరగడంలో ఒకటుంది. కుర్రాడి కళ్లు మెరిశాయి, ఒరగడానికి పొద్దున్నే బయలుదేరితే సాయంత్రానికి వచ్చేయొచ్చు కదా అని. అక్కడికి మోడల్‌ను తీసుకెళ్లాల్సింది కంపెనీవాళ్లు, తిరుపతి కుర్రాళ్లు కాదని బ్రోకర్ ఓపిగ్గా చెప్పాడు. పైగా 1988 నాటి మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ ఉంది. కంపెనీ ఎలా చేసిందో దానికి తేడాగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్టానికి చేసిన సవరణలో, అనుమతి లేని ప్రతి మార్పుకూ 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ అని రాశారు.

అమెరికాలో కొన్ని రాష్ట్రాల్లో లైట్లు, అద్దాలు, హారన్ ఉన్న కిట్టు కొని బిగించి, తనిఖీ చేయించుకుంటే ఇలాంటి బండికి నంబరు ఇస్తారు. కాలిఫోర్నియా మాత్రం రోడ్డు కోసం పొగ పరీక్ష పాసవని బండిని దగ్గరకు రానివ్వదు. ఏ విషయంలోనూ కాలిఫోర్నియాతో పోల్చుకునే అవకాశం రాని మన ఊరికి ఇదొక్కటైనా దక్కింది.

వీధి పెద్దాయన ఒకరు జోక్యం చేసుకుని, "మట్టిలోనూ రోడ్డు మీదా పోయేవి షోరూంలోనే ఉండాయి కదా నైనా, హీరో ఎక్స్‌పల్స్ అనీ, కావసాకి కేఎల్ఎక్స్ 230 అనీ. హీరోవాళ్ల ఫ్యాక్టరీ మన జిల్లాలోనే సత్యవేడు పక్కన ఉండాది," అన్నారు. కుర్రాడు అవమానంగా చూశాడు. చూపులో అర్థముంది. ఆ బండ్లు కొన్నవాళ్లలో ఎందరు అద్దాలతో తిరుగుతున్నారో చూస్తే ఎవరికైనా వైరాగ్యం వస్తుంది.

పోనీ రోడ్డు లేనిచోటే నడుపుకుందామంటే శేషాచలం ఎదురుగా ఊరిస్తూ ఉంటుంది. 2010 నుంచి అది జీవావరణ రిజర్వు, ఒక భాగం శ్రీవేంకటేశ్వర జాతీయ పార్కు. పైగా ఎర్రచందనం. తలకు హెల్మెట్, మోకాళ్లకు కవచాలు, వీపున బ్యాగు, నంబరు లేని బండి. ఈ వేషంలో తెల్లవారుజామున అడవిలో కనిపించినవాణ్ని క్రీడాకారుడిగా గుర్తించాలని టాస్క్‌ఫోర్స్‌కు ఎవరూ చెప్పలేదు. ఘాట్ రోడ్డు సంగతి ఎత్తనే అక్కర్లేదు. 1944 నాటి మొదటి ఘాట్ రోడ్డులో దిగడం, 1974 నాటి రెండోదానిలో ఎక్కడం, మరీ తొందరగా చేరుకున్నా జరిమానా. స్పీడోమీటర్ లేనివాడు అక్కడేం లెక్క చెబుతాడు?

అందుకని రవాణా శాఖవారికి ఒక సవినయ ప్రతిపాదన. బండి కొన్నరోజున అన్నీ ఉంటాయి, ఆ రోజు చూసి నంబరు ఇవ్వడంలో గొప్పేముంది? ఏడాది నిండాక పిలిచి, ఏం మిగిలిందో చూసి ఇవ్వండి. అప్పుడు ఆఫీసు ముందు వరుసలో నిలబెట్టిన బండ్లలో అద్దాలు, హారన్, ఇండికేటర్లు అన్నీ ఉన్నది మా వీధి కుర్రాడి బండి ఒక్కటే అవుతుంది. దాన్ని సీజ్ చేసి, మిగతావాటికి శుభాకాంక్షలు చెప్పి పంపేయొచ్చు. చట్టం చట్టంలా ఉంటుంది, ఊరు ఊరిలా ఉంటుంది.

ప్రతిపాదన మీద కదలిక వచ్చేలోగా కుర్రాడు బండిని చిన్న ట్రక్కు ఎక్కించి దామలచెరువు దగ్గర వాళ్ల మేనమామ మామిడితోటకు పంపేశాడు. సొంత తోట, చుట్టూ కంచె, లోపల నంబరు అడిగేవాళ్లు లేరు. మొదటిరోజు ఒక రౌండు కొట్టాడో లేదో మేనమామ కర్ర పట్టుకుని అడ్డమొచ్చాడట. "కూలోళ్లు చెట్ల కింద పనిచేస్తా ఉంటారు. హారన్ లేకుండా తోలితే కాళ్లు ఇరగ్గొడతా."

బ్యాటరీ లేదని చెప్పినా ఆయన వినలేదు. ఇప్పుడా బండి హ్యాండిల్‌కి ఐస్ బండివాళ్ల రబ్బరు బుడ్డ హారన్ కట్టి ఉంది. గోతంలోంచి ఒక అద్దం కూడా తెచ్చి పెట్టమన్నాడట మేనమామ, కుడివైపుది.