సవరణ: క్యూ బిళ్ళ దాచుకోవడం గురించి

ఇంగ్లీషు అక్షరాల బిళ్ళలతో గళ్ళ పలక మీద పదాలు పేర్చే స్క్రాబుల్ ఆటని ఇద్దరే ఆడేటప్పుడు ఎక్కువ పాయింట్లు లాగడం గురించి మొన్న రాసినదాంట్లో "క్యూ వస్తే యూ దొరికేదాకా దాచుకోండి" అని ఉంది. ఆ ముక్క కొట్టేయండి. యూ లేకపోయినా క్యూ, ఐ రెండు అక్షరాలతో 'క్యూఐ' (QI) అనే పదం చెల్లుతుంది.

అమలాపురంలో మా పెదనాన్నగారి అరుగు మీద సంక్రాంతి సెలవుల్లో ఆట ఇలాగే తిరిగింది. అక్షరానికి మూడింతలిచ్చే గడి కింద అప్పటికే ఐ ఉంది. మా వదిన ఆ గడిలో క్యూ పెట్టి, పక్కన ఇంకో ఐ పెట్టింది. క్యూ విలువ 10, మూడింతలైతే 30, ఐకి 1. అడ్డంగా 31, నిలువుగా 31, మొత్తం 62! రెండే రెండు బిళ్ళలు. పెదనాన్నగారు డిక్షనరీ తెప్పించి మరీ చూశారనుకోండి, అది వేరే గోల.

దాచుకుంటే నష్టం కూడా ఉంది. ఎదుటివారు ముందు ముగించేసరికి క్యూ మీ చేతిలో మిగిలిపోతే మీకు 10 తగ్గుతాయి, వాళ్ళకి 10 కలుస్తాయి. అంటే 20 తేడా.

రాజోలు నుంచి ఒకరు అడిగారు: పదానికి మూడింతలిచ్చే గడి మీదుగా ఏడు బిళ్ళలూ ఒకేసారి పరిస్తే, అలా పరిచినందుకు వచ్చే 50 కూడా మూడింతలవుతుందా అని. అవదండి. పదం లెక్క మూడింతలు చేశాకే 50 కలపాలి. ఏ అక్షరంగానైనా వాడుకునే ఖాళీ బిళ్ళ ఏ గడిలో పెట్టినా దాని విలువ సున్నాయే.