సెల్లోటేపు గారికి, హన్మకొండ నుంచి

మహారాజశ్రీ సెల్లోటేపు గారి సముఖానికి,

ఇక్కడ మేమంతా క్షేమం, పుస్తకాలు తప్ప. తమరు సొరుగులో గుండ్రంగా చుట్టుకుని, కొస ఎవరి గోటికీ దొరక్కుండా కులాసాగా ఉన్నారని తలుస్తాను.

మొన్న ఆదివారం తమరి ప్రతాపం చూశాక ఈ నాలుగు ముక్కలు రాయక తప్పలేదు. బైండింగు నేర్చుకోవడానికి మా వరండాలోకి ఆరుగురు వస్తారు. ఆ రోజు ఫారాలు, అంటే మడిచిన కాగితాల కట్టలు, కుట్టడం చెప్పాలి. దారాలకు మైనం పట్టించి, దబ్బనాలు ముందేసుకుని కూర్చున్నాం. అంతలో మా అందరిలోకీ పెద్దాయన, రిటైరైన సారు, సంచిలోంచి వాళ్ల నాయన చేతిరాత కీర్తనల నోటుబుక్కు తీశారు. ప్రతి పేజీకీ తమరే. అడ్డంగా, నిలువుగా, కొన్నిచోట్ల తమరి మీద మళ్లీ తమరే.

కుట్టు అటకెక్కింది.

పాత అతుకుల ప్లాస్టిక్ ముట్టుకుంటేనే ఊడొచ్చింది, అంతవరకు సంతోషం. బంక మాత్రం కాగితంలోకి ఇంకిపోయి, మిర్చిబజ్జీలు కట్టిన పొట్లంలా పసుపుపచ్చగా, అవతలి పేజీ అక్షరాలు ఇవతలికి కనిపిస్తున్నాయి. కొత్త అతుకులను హెయిర్ డ్రయర్‌తో వేడిచేసి, మొద్దు చాకు కిందికి పోనిచ్చి, వెంట్రుకవాసి చొప్పున లేపాం. రెండింటికి మొదలుపెడితే ఆరింటికి నాలుగు పేజీలు. ఐదో పేజీలో తమరు లేస్తూ లేస్తూ సిరాను కూడా వెంట తీసుకుపోయారు. ‘రామ’లో ‘మ’ లేదు. టేపు ముక్కను వెలుతురుకు పట్టి చూస్తే అక్కడుంది, నిక్షేపంగా.

ఇగ గారూ లేదు, గీరూ లేదు.

ఏంది నీ లొల్లి? 1930లో అమెరికాలో రిచర్డ్ డ్రూ నిన్ను తయారుచేసింది పొట్లాల మూతులు అతికియ్యడానికి. ఆర్థిక మాంద్యం రోజుల్ల జనం చిరిగిన ప్రతిదానికీ నిన్నే పెట్టేసరికి నెత్తికెక్కినవ్. మా చేర్యాల నకాషోళ్లు పటం గీసే గుడ్డకు చింతగింజల బంక పట్టిస్తరు. వాళ్లను చూసన్న సిగ్గు తెచ్చుకో. మైదా లై ఏం పాపం చేసింది? పిండి, నీళ్లు, సన్నసెగ, ఉండ కట్టకుండా కలియబెట్టే ఓపిక, అంతే. జపాన్ టిష్యూ కాగితాన్ని కత్తెరతోటి కాదు, తడిగీత గీసి చేత్తోటి చింపితే అంచున నూగు లెక్క నారలు లేస్తయి. చిరుగు మీద లై రాసి వాటిని ఒత్తితే అతుకు ఎక్కడుందో వెతుక్కోవాలె. రేపు ఇంకొకడు తీసెయ్యాలంటే నీళ్లు చూపిస్తే చాలు, వచ్చేస్తది. నీకు చేతకానిది గదే, పొమ్మంటే పోవుడు.

నీ దోస్తు స్టాప్లర్ పిన్ను తుప్పు సంగతి, ఎండినంక నీళ్లకు లొంగని తెల్ల బంక సంగతి ఇంకో ఉత్తరంల. కుట్టిన పుస్తకం వెన్ను కోసి స్పైరల్ వేసేటోళ్ల గురించి రాస్తే నాకే బీపీ.

పెద్దాయన మాత్రం నిన్ను ఒక్క మాటనలేదు. "అతికిచ్చింది నేనే సార్. నాయన అక్షరాలు పోవద్దని" అన్నారు, నా మొహం చూడకుండా. ‘మ’ ఉన్న టేపు ముక్కను కళ్లద్దాల డబ్బాలో పెట్టుకుని మూత వేశారు.

1904 నుంచి రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషా నిలయం అనే గ్రంథాలయం ఉన్న ఊరిది. ఇక్కడ కూడా పుస్తకం చిరిగితే జనానికి మొదట గుర్తొచ్చేది నువ్వే. అర్ధరాత్రి తలుపు తట్టినా పలికే ఆరెంపీ డాక్టరువి. నేను నేర్పే పద్ధతికి లై ఉడకాలి, ఆరాలి, బరువు పెట్టాలి, తెల్లారాలి. నువ్వయితే పటుక్కున తెగుతావు, టక్కున అంటుతావు. అక్కడే కొడుతున్నవ్ మమ్మల్ని.

ఈ కవరు మైదా లైతోనే అతికించాను. తెరవాలంటే తడిగుడ్డ పెట్టి కొంచెంసేపు ఆగు, చిరగకుండా వస్తది.

ఇట్లు,
వచ్చే ఆదివారం ఆరో పేజీ నుంచి మొదలుపెట్టాల్సినవాడు