సవరణ: ‘మోర్ టు లవ్’ ఏబీసీ షో కాదు

ఒక అబ్బాయి కోసం చాలామంది అమ్మాయిలు పోటీపడే ‘ద బ్యాచిలర్’ షో వేసే ఛానలే, లావుగా ఉన్న అమ్మాయిలతో ‘మోర్ టు లవ్’ అనే ఇంకో డేటింగ్ షో తీసిందని మొన్నటి పోస్టులో రాశాను. తప్పు నాదే. అమెరికాలో ‘ద బ్యాచిలర్’ వచ్చేది ఏబీసీలో. 2009 నాటి ‘మోర్ టు లవ్’ ఫాక్స్‌లో వచ్చింది. రెండింటి వెనకా నిర్మాత మైక్ ఫ్లైసే ఉండటంతో కలిపేశాను. ‘మోర్ టు లవ్’లో అమ్మాయిలు పోటీపడిన అబ్బాయి సన్నగా ఉన్నాడని రాసిందీ తప్పే, ఆ ల్యూక్ కాన్లీ కూడా భారీ మనిషే.

లావుగా ఉన్న అమ్మాయిలను ఆ షో వేరుగా చూసిందన్న అసలు మాట మాత్రం వెనక్కి తీసుకోను. అమ్మాయి తెర మీదికి రాగానే పేరుతో పాటు ఎత్తు, పౌండ్లలో బరువు పడేవి. కాటా మీద నిలబెట్టినట్టే! ‘ద బ్యాచిలర్’లో సన్నటి అమ్మాయిలకైతే వయసు, ఊరు, ఉద్యోగం వేస్తే సరిపోయింది. పాత పోస్టులో రెండు తప్పులూ దిద్దాను.