తలుపు పక్క కుర్చీ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ వెనక వరసలో తలుపు పక్కనుండే కుర్చీ గారికి,

ఉభయకుశలోపరి. మీరు క్షేమమే, కళ్లారా చూస్తూనే ఉన్నాను. మీ మీద కూర్చునేవాళ్ల క్షేమం గురించే ఈ ఉత్తరం.

మందు మానాలనుకునేవాళ్ల మీటింగ్‌లో కుర్చీలు వేసే పని నాది. ఎన్ని వరసలు వేసినా ముందు నిండేది మీరే. మొదటి వరసకు దిక్కుండదు. బార్‌లో మధ్య టేబుల్ ఇవ్వలేదని గొడవపడిన మనిషి కూడా మా గదిలోకి వచ్చేసరికి మహా మొహమాటస్తుడైపోతాడు. మీ అంచు మీద ఆనీ ఆనకుండా కూర్చుంటాడు. ఒక కాలు తలుపు వైపు, పిడికిట్లో బండి తాళం, ఒళ్లో ఫోన్. మొదలైన ఐదు నిమిషాలకి వస్తాడు, అయిపోయిందని అందరూ లేచేలోపు మాయం. చప్పుడు కాకుండా తలుపు మూయడంలో మాత్రం మంచి పనితనం.

ఆ మధ్యలో మీరు అతని చెవిలో ఊదేది ఏమిటో నాకు తెలుసు. "వీళ్లంతా ముదిరిపోయిన కేసులు. నీకు ఉద్యోగం పోలేదు, సంసారం పోలేదు, లివర్ పోలేదు." పోవడానికి ఇంకా అన్ని మిగిలున్నాయన్న సంగతి మాత్రం చెప్పరు. మా ఆల్కహాలిక్స్ అనానిమస్ (పొట్టిగా ఏఏ) సంఘంలో చేరడానికి కావలసింది ఒక్కటే, తాగుడు మానాలన్న కోరిక. ఫీజు లేదు. చందా ఇష్టమున్నవాళ్లు వేస్తారు. లివర్ రిపోర్టు ఎవరూ అడగరు. పోటీ పరీక్షకి పెట్టినట్టు కటాఫ్ పెట్టింది మీరే.

మా ఏఏ ఎలా పుట్టిందో మీకో పాత కథ చెబుతాను. 1935 మే నెల, అమెరికాలోని అక్రాన్. బిల్ విల్సన్ అనే ఆయన వ్యాపారం పనిమీద ఆ ఊరొచ్చాడు, పని చెడింది. మందు మానేసి కొన్ని నెలలే అయింది, హోటల్ బార్ రా రమ్మంటోంది. లోపలికి వెళ్లకుండా ఫోన్ దగ్గరికి వెళ్లి, తనలాంటి తాగుబోతు ఇంకొకడు ఎవరైనా ఉన్నాడా, మాట్లాడాలి అని వాకబు చేశాడు. అలా దొరికినవాడు డాక్టర్ బాబ్ స్మిత్, సర్జన్. పావుగంటే కూర్చుంటానని షరతు పెట్టి మరీ వచ్చాడాయన. మాటల్లో పడి గంటలు గడిచిపోయాయి. అదృష్టం, ఆ రోజు ఆ గదిలో మీరు లేరు. ఉండుంటే పదహారో నిమిషానికి డాక్టర్ గారు గేటు దాటేవారు, ఇవాళ నేను వేయడానికి కుర్చీలూ ఉండేవి కావు.

ఆ తర్వాత కూడా డాక్టర్ గారు ఒకసారి జారి మళ్లీ తాగారు లెండి. చివరి గుక్క తాగింది జూన్ 10న. ఏఏ తన పుట్టినరోజుగా లెక్కేసుకునేది ఆ తేదీనే. మీరేమో జారినవాడితో "ఇక ఏ మొహం పెట్టుకుని వెళ్తావ్?" అంటారు.

మీ ఇంకో సలహా, "ఒకటి చూశావుగా, అన్నీ ఇంతే". ఎక్కడ ఇంతే? ఇంట్లోవాళ్లు కూడా వచ్చి వినగలిగే ఓపెన్ మీటింగులున్నాయి, మానాలనుకునేవాళ్లకు మాత్రమే అయిన క్లోజ్డ్ మీటింగులున్నాయి. ఒక్కరే మాట్లాడేవి, అందరూ తలో మాటా చెప్పుకునేవి, కొత్తవాళ్ల కోసమే పెట్టినవి వేరువేరు. దేవుడి ప్రస్తావన పడనివాళ్లకు 1994లో మొదలైన స్మార్ట్ రికవరీ ఉంది, అక్కడ ఆలోచనల తీరు మార్చుకోవడం మీదే పని. ఆడవాళ్లకు 1975 నుంచి విమెన్ ఫర్ సొబ్రైటీ ఉంది. తాగేవాడితో వేగుతున్న కుటుంబానికి 1951 నుంచి అల్-అనాన్ ఉంది. ఈ గది కుదరకపోతే ఇంకో గది చూసుకోమని ఒక్కసారైనా అన్నారా? ఆన్‌లైన్ మీటింగులో కెమెరా ఆపేసి, మ్యూట్‌లో పెట్టి, పక్కన సీరియల్ చూసేవాళ్లు కూడా మీ వంశస్థులేనని నా అనుమానం.

వైద్య పరిశోధనలను కలిపి తూకం వేసే కోక్రేన్ సంస్థ 2020 సమీక్ష 27 అధ్యయనాలను, పదివేల మందికి పైగా మనుషుల లెక్కలను కలిపి చూసింది. పూర్తిగా మానేసి ఉండటంలో, మనిషిని ఆల్కహాలిక్స్ అనానిమస్ దారిలో పెట్టి నడిపించే పద్ధతులు మిగతా చికిత్సలకు తీసిపోలేదని, చాలాచోట్ల మెరుగ్గానే ఉన్నాయని తేల్చింది. ఆ పద్ధతుల అసలు పని మనిషిని మనుషుల్లో కలపడం. మీ పని దానికి సరిగ్గా ఎదురు.

అసలు నా కోపం ఇక్కడ. మా మీటింగులో ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు అడ్డురారు, సలహా ఇవ్వరు. ఎవరి సంగతి వాళ్లు చెప్పుకుంటారు. మాట్లాడి తీరాలనీ లేదు, "ఇవాళ వింటాను" అంటే సరిపోతుంది. మరి "రాత్రి తొమ్మిదింటికి మనసు మందు మీదికి లాగితే నేనేం చెయ్యాలి?" అన్న ప్రశ్నకి జవాబెక్కడ దొరుకుతుంది? మీటింగ్ అయ్యాక. కాఫీ కప్పులు ఎత్తేటప్పుడు, కుర్చీలు ఒకదానిమీద ఒకటి పేర్చేటప్పుడు. మొన్న ఒక పెద్దాయన, మానేసి చాలా ఏళ్లయినవాడు, చిన్న కాగితం మీద తన నంబర్ రాసి పట్టుకుని తిరిగాడు. "గ్లాసు పట్టుకోకముందు చెయ్యమనండి, తాగాక చేస్తే నాకు అర్థం కాదు" అంటూ. ఎవరికోసం రాశాడో ఆ కుర్రాడు మీ దయవల్ల అప్పటికే వీధి మలుపు దాటేశాడు. స్పాన్సర్‌ని, అంటే ముందే మానేసి కొత్తవాడికి తోడు నిలిచే మనిషిని, వెతుక్కోవడమంటే పెళ్లిచూపులేం కాదని, కొన్నాళ్లపాటు ఉండమని అడిగినా చాలని అతనికి ఎవరు చెప్పాలి? మీరా?

మీ మంచి కూడా చెప్పుకోవాలి. మొదటి రోజు మీరే లేకపోతే కొందరు గడపే తొక్కరు, ఒప్పుకుంటాను. ఇంకోటి, రోజూ గట్టిగా తాగుతూ ఉన్నపళాన ఆపేసినవాడికి చేతులు వణికి, చెమటలు పట్టి, మాట తడబడుతుంటే అతన్ని ఆస్పత్రికే తీసుకెళ్లాలి. ఫిట్స్ రావచ్చు, మతి తప్పవచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. అది డాక్టర్ చూడాల్సిన పని, మా షేరింగులతో తగ్గేది కాదు. అప్పుడు మాత్రం తలుపుకు దగ్గరగా ఉన్నందుకు మీకు దణ్ణం పెడతాను.

మిగతా రోజుల సంగతి చూసి మిమ్మల్ని బదిలీ చేస్తున్నాం. వచ్చే వారం నుంచి మీ చోటు కాఫీ బల్ల పక్కన. మీ మీద ఎవరు కూర్చున్నా అందరికీ కప్పులు అందించక తప్పదు. ఈ ఉత్తర్వు మీద అభ్యంతరాలుంటే మీటింగ్ పూర్తయ్యాక వింటాం, అప్పటిదాకా ఉండాలి మరి.

ఇట్లు,
కుర్చీలు వేసేవాడు
(పేరు రాయను, మా పద్ధతి తెలిసిందేగా)